జీర్ణోద్ధరణమా? సున్నపు పూతయా?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అనుట మన పెద్దల మాట. ఆ రెండు కార్యములందలి శ్రమను అనుభవించినవారు గనుకనే వారట్లనిరి. నేడు కామాఠిపుర గల్లీలలో ఆ సామెత మాఱినది. ఇల్లు కట్టనక్కఱలేదు, పాడుపడిన ఖోలీని చవుకగా కొని, మూడు వారములు పనివాండ్రను పెట్టి, నాలుగవ వారమున అమ్మినచో చాలును. కట్టుటలోని కష్టము లేదు, కాపురముండుటలోని మమకారము లేదు. లాభము మాత్రము కలదు. ఈ వ్యాపారమునకు మనవారు పెట్టుకొన్న పేరు "జీర్ణోద్ధరణము". ఆ పేరుపై నాకుగల ఆక్షేపణయే ఈ వ్యాసము.

జీర్ణోద్ధరణము పెద్ద మాట. శిథిలమైన దేవాలయమును, పూడిన చెఱువును తిరిగి నిలువబెట్టుటకు మనవారా మాటను వాడిరి. క్రొత్తది కట్టుటకంటె పాతదానిని ఉద్ధరించుటయే అధిక పుణ్యమని తలంచిరి. క్రొత్తది కట్టువాడు తన పేరు నిలుపుకొనును. పాతదానిని ఉద్ధరించువాడు పరుల పేరు నిలుపును. ఉద్ధరించిన పిదప గుడిని ఎవరును అమ్ముకొనలేదు.

నా మాటను అపార్థము చేసికొనవలదు. ఇంటిని బాగుచేసి అమ్ముట పాపమని నేననను. మరమ్మతు ఒక వృత్తి. చేసిన పనికి ప్రతిఫలము న్యాయము. నా ఆక్షేపణలు మూడు. బాగుచేసితిమని అమ్ముచున్న ఇల్లు బాగుపడుట లేదు. అమ్మువారికి తామేమి అమ్ముచున్నారో తెలియుట లేదు. ఈ రెండును చేయుచున్నవారు పరులు కారు, మనవారే.

మన పూర్వులు ఈ నగరమునకు ఇండ్లు కొనుటకు రాలేదు, కట్టుటకు వచ్చిరి. కామాటి యను మాటకు కూలిపని చేయువాడని అర్థము. 1784 ప్రాంతమున మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ సముద్రము చొరబడు గండిని హార్న్‌బీ వెల్లార్డు అను కట్టతో మూసివేసిరి. దానితో లోపలి పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యములైనవి. 18వ శతాబ్దపు చివర నిజాము రాజ్యపు తెలుగు సీమ నుండి వచ్చి అచ్చట స్థిరపడిన కూలీలను బట్టియే ఆ పేట కామాఠిపుర మైనది. వారు రాళ్లు మోసిరి, సున్నము దంచిరి, బాటలు వేసిరి, గోడలు లేపిరి. కొందఱు కంట్రాక్టర్లై ధనము గడించిరి. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయ కరాడి లింగు, వెంకు బాళోజీ కాళేవారు మున్నగు బొంబాయి తెలుగు పెద్దలు, 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే పూనాలో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి. ఆ వెనుక కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి నేతపనివారు వచ్చి బట్టల మిల్లులలో చేరి, వర్లీ మొదలగు చోట్ల చాళీలలో కాపురములు పెట్టిరి. వీరి సంతతివారమని మనము ప్రతి సంచికయందును వ్రాసికొనుచున్నాము. వ్రాసికొనుట యుక్తమే. ఇల్లు కట్టినవారి మనుమలు నేడు ఇండ్లతో ఏమి చేయుచున్నారో, అదియు ఒకసారి వ్రాసికొనవలెను గదా.

ఇల్లు దానంతటది పాడుపడదు. మన చాళీలు పాడుపడుటకు కారణము కలదు. 1947లో వచ్చిన బొంబాయి అద్దెల నియంత్రణ చట్టము, 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెను ప్రమాణముగా నిలిపినది. యుద్ధానంతర కాలమున బీదవానిని వీధిలోనికి త్రోయకుండ కాపాడిన చట్టమది. దాని మేలు తిన్నవారము మనము. కాని దశాబ్దములు గడచినను అద్దె పెరుగకపోవుటచే యజమానికి మరమ్మతుపై ఆసక్తి నశించినది. అద్దెదారునకు ఇల్లు తనది కాదు గనుక దూలముపై రూపాయి పెట్టుటకు మనసొప్పలేదు. యజమానికి ఆదాయము లేదు, అద్దెదారునకు యాజమాన్యము లేదు. ఇద్దఱి నడుమ కఱ్ఱ చివికినది. 1969లో ప్రభుత్వము సెస్సు విధించి, మరమ్మతుల బోర్డు నేర్పఱచినది. ఆనాడు దాని క్రిందికి వచ్చిన భవనములు 19,642. ఆ బోర్డు నేటికిని ప్రతి సంవత్సరము వానలకు ముందు మిక్కిలి ప్రమాదకరమైన భవనముల పట్టిక ప్రకటించుచున్నది. ఆ పట్టిక వెలుపలి భవనములన్నియు క్షేమమని దాని యర్థము కాదు. 2017 ఆగస్టులో భేండీ బజారునందలి హుస్సేనీ భవనము కూలి 33 మంది మరణించిరి. 2019 జులైలో డోంగ్రీలో మఱియొక భవనము కూలి పదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. ఈ రెండు చోట్లకును మన గల్లీలనుండి కాలినడకన పోవచ్చును.

ఇక కొనుట యనగా నేమి? పగ్డీ ఖోలీని కొన్నవాడు గోడను కొనుట లేదు, నేలను కొనుట లేదు. అద్దె రసీదుపై తన పేరును కొనుచున్నాడు. 2000 మార్చి 31 నుండి అమలులోనికి వచ్చిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము (1999) ఈ పద్ధతిని అంగీకరించినది. అద్దెదారు తన హక్కును మార్చి యిచ్చుటకు ధనము పుచ్చుకొనవచ్చును; యజమానియు తన సమ్మతికి పుచ్చుకొనవచ్చును. కావున వ్యాపారము చట్టసమ్మతమే. చట్టసమ్మతమైనదెల్ల ధర్మసమ్మతము కాదనుటకు మనకెవరును ఉపదేశింపనక్కఱలేదు.

ఈ వ్యాపారపు పని తీరు చూడుడు. పాత చాళీ గోడలు ఇటుక, సున్నములతో కట్టినవి. అంతస్తులను మోయునవి టేకు దూలములు. ఆ దూలముల కొనలు గోడలోనికి చొచ్చియుండును. పై అంతస్తు మోరీ నుండి కారు నీరు మొదట చేరునది ఆ కొనలకే. నడుమ దూలము గట్టిగానే కనబడును. గోడలోపలి కొన పిండియై యుండును. దానిని చూడవలెనన్నచో గోడను త్రవ్వవలెను, అంతస్తును పోట్లతో నిలుపవలెను, పై ఇంటివారిని, క్రింది ఇంటివారిని ఒప్పింపవలెను. ఇది నిజమైన మరమ్మతు. దీనికి కాలము, ధనము, ఇరుగుపొరుగుల సమ్మతి కావలెను. ఇందులో ఒక్కటియు కొనువాని కంటికి కనబడదు. కనబడని దానికి ధర రాదు గనుక మన ఉద్ధారకులు దాని జోలికి పోరు.

వారు చేయునదేమి? వంగిన దూలము కనబడకుండ క్రింద ప్లాస్టరు పలకల కప్పు దింపుదురు. తేమ పట్టిన సున్నపు గోడపై సిమెంటు పూత పూసి, ఆ తేమ వెలుపలికి పోవు దారి మూయుదురు. నేలపై నున్నని పలకలు పఱతురు. ఆ పలకల క్రింద రెండంగుళముల మందమున సిమెంటు మలాము వేసినచో చదరపు మీటరునకు సుమారు 100 కిలోల బరువు పడును. 15 చదరపు మీటర్ల గదికి ఒకటిన్నర టన్ను. చివికిన దూలమునకు చికిత్స చేయుటకు మాఱుగా దాని తలపై ఒకటిన్నర టన్ను మోపి, దానికి ఉద్ధరణమని పేరు పెట్టుట ఏ శాస్త్రమో నాకు తెలియదు. పైన పటారము, లోన లొటారము అనుట దీనికే తగును. గోడ మీది రంగు చూచి మనము మెచ్చుకొనుచున్నాము. మెట్లు, నడవ, పైకప్పు, మురుగు గొట్టము ఎప్పటివలెనే యున్నవి. అవి ఎవరి రసీదులోను లేవు గనుక ఎవరికిని పట్టవు. ఒక్కొక్క ఖోలీ మెఱయుచున్నది. చాళీ మాత్రము క్రుంగుచున్నది.

ఇది నేను దూరమున నిలిచి పరులపై వేయు నింద కాదు. నేనును ఈ దోషమునకు సాక్షిని. చూచిన సాక్షిని మాత్రమే కాదు, సంతకము పెట్టిన సాక్షిని. కొన్నేండ్ల క్రిందట మా గల్లీలో ఒక వృద్ధురాలు బీడీలు చుట్టుకొని బ్రతుకుచుండెడిది. ఆమె భర్త 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెతో పని పోగొట్టుకొని, మఱి కోలుకొనలేదు. కొడుకులు భివండీలో మగ్గముల కడ చేరిరి. మూడవ అంతస్తునందలి ఆమె ఖోలీని కొనుటకు వచ్చినవాడు మనవాడే, నాకు దూరపు చుట్టమే. "కొడుకులు నీ కడ లేరు, నీ తరువాత ఖోలీ మాలిక్కునకే పోవును" అని అతడామెను బెదరించెను. అది అసత్యము. అద్దెదారు మరణించినపుడు కలిసి నివసించుచున్న కుటుంబ సభ్యునకు హక్కు సంక్రమించును. అట్టివారు లేనిచో వారసునకు సంక్రమించునని చట్టమునందే కలదు. ఆ మాట నాకు నాడు తెలియదు, తెలిసికొనుటకు యత్నింపనులేదు. "బిడ్డా, నువ్వు చదువుకున్నోనివి. నువ్వు చూసినవంటే నాకు చాలు" అని ఆమె నా చేతికి కాగితమిచ్చినది. నేను ధర చూచితిని, తేదీ చూచితిని, సంతకము పెట్టితిని.

మూడు వారములలో ఖోలీ అద్దమువలె అయినది. కొన్నదానికి ఇంచుమించు రెట్టింపు ధరకు క్రొత్తగా పెండ్లియైన దంపతులు, వారును మన తెలుగువారే, అప్పు చేసి కొనిరి. రెండవ వానకాలమున మోరీ మూల క్రుంగినది. క్రింది ఇంటి కప్పు పెల్లలు ఊడి, బిడ్డ పండుకొను మంచముపై పడినవి. అదృష్టవశమున ఆ బిడ్డ బడిలో నుండెను. పోట్లు పెట్టి, గోడ త్రవ్వి చూడగా దూలపు కొన జానెడు మేర పొడియై రాలినది. ఖోలీకి రంగు వేసిన మేస్త్రీని నేనడిగితిని. "చూసినం సార్, చెప్పినం కూడ. కప్పు దింపి రంగెయ్యమన్నరు, ఏసినం" అని అతడనెను. ఆ దంపతులు నేటికిని పోట్ల నడుమ వంట చేసికొనుచు అప్పు తీర్చుచున్నారు. ఊరికి తిరిగిపోయిన ఆ వృద్ధురాలు మొన్న ఫోనులో నన్నడిగినది: "కొత్త ఇండ్లు ఇస్తరంట గదా బిడ్డా, అండ్ల నా పేరున్నదా?" నేనేమి చెప్పగలను? ఆమె పేరును చెఱిపిన కాగితముపై నా పేరున్నది.

నా వాదమునకు మనవారు చెప్పు ప్రత్యుత్తరములు నేనెఱుగుదును. "మేము కొననిచో ఆ ఖోలీ కూలిపోయి యుండును" అందురు. కొన్న పిదప కూలకుండునట్లు చేసిననే ఈ మాటకు విలువ. కూలుటను కప్పిపెట్టుట కూలుటను ఆపుట కాదు. పగులు కనబడునంతవఱకు మనుష్యుడు జాగ్రత్తపడును. దానిని మూసివేసినవాడు ఆ జాగ్రత్తను కూడ దొంగిలించినవాడే.

"అమ్మువారు ఇష్టపడి అమ్మిరి, కొనువారు ఇష్టపడి కొనిరి, నడుమ నీకేమి?" అందురు. ఇష్టమునకు తెలివిడి తోడుండవలెను. అమ్మువారితో "ఈ పేట పేరు చెప్పినచో ఎవడు కొనును?" అని ధర తగ్గింతురు. కొనువారితో "ముంబయి సెంట్రలు ప్రక్కన, గ్రాంటు రోడ్డు ఎదుట, ఇంతకంటె మంచి చోటేది?" అని ధర పెంచుదురు. ఒకే నోట రెండు త్రాసులు. కామాఠిపుర పేరు చెప్పగనే లోకమునకు ఒక్క వ్యాపారమే స్మృతికి వచ్చుచున్నదని మనము సభలలో బాధపడుచున్నాము. ఆ అపకీర్తినే పెట్టుబడిగా వాడి మన అవ్వల ఖోలీలను చవుకగా కొనువారిని అవే సభలలో ముందు వరుసను కూర్చుండబెట్టుచున్నాము.

మూడవ ప్రత్యుత్తరమునందు సత్యము కలదు. "తెలుగువాడు ఎల్లకాలము చాళీలోనే పడియుండవలెనా? అమ్ముకొని నవీ ముంబయికో, డోంబివలీకో పోయి పిల్లలకు గాలి వెలుతురులు చూపింపరాదా?" అందురు. పోవలెను, తప్పక పోవలెను. పదుగురు కలిసి వాడు పాయిఖానాయందును, పది అడుగుల గదియందును పవిత్రతను చూచువారు సాధారణముగా అచ్చట నివసింపనివారే. నేనును ఆ గల్లీ విడిచి వచ్చినవాడనే. నేను కోరునది వారిక్కడ నుండుట కాదు. పోవునపుడు తమ సొత్తుకు తగిన వెల చేతబట్టుకొని పోవుట.

ఆ వెల నేడేమి? 1920లలో కట్టిన బీడీడీ చాళీలను చూడుడు. వర్లీ, నాయ్‌గావ్, ఎన్. ఎం. జోషీ మార్గ్, శివ్‌డీలలో అవి 207. ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. అచ్చటి అర్హులైనవారికి 500 చదరపుటడుగుల ఇల్లు ఉచితముగా నిచ్చు పునర్నిర్మాణము సాగుచున్నది. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబములకు తాళపు చెవులిచ్చిరి. కామాఠిపురయందు సుమారు 34 ఎకరముల పునర్నిర్మాణమునకు మ్హాడా 2025లో టెండర్లు పిలిచినది. సుమారు 8,000 మంది అద్దెదారులకు 500 చదరపుటడుగుల ఇల్లును, సుమారు 800 మంది స్థల యజమానులకు 50 చదరపు మీటర్ల స్థలమున కొక ఇల్లు చొప్పునను ఇత్తుమని ప్రకటించిరి. అది ఎప్పటికి పూర్తియగునో చెప్ప నా తరము కాదు. ఈ నగరమున ఇట్టి వాగ్దానములు వృద్ధులకంటె ఎక్కువకాలము జీవించును. కాని ఒక మాట స్పష్టము. మన ఉద్ధారకులకు ఈ లెక్క కంఠస్థము. బీడీలు చుట్టు అవ్వకు తెలియదు. కొనువాడు చూచుచున్నది గోడను కాదు, పట్టికలో ఎక్కబోవు పేరును. రంగు, పలకలు, దింపుడు కప్పు ఇవన్నియు ధర పెరిగినదానికి చెప్పుకొను సాకులు.

మన పొరుగువారు వేఱుదారి చూపిరి. భేండీ బజారునందలి దావూదీ బోహ్రాలును మనవలె అల్పసంఖ్యాకులే. వారి ఇండ్లును మనవలె శిథిలములే. వారి సమాజము 2009లో సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్టును స్థాపించి, 16.5 ఎకరములలోని సుమారు 250 భవనములను, 3,200 కుటుంబములను ఒక్కటిగా చేర్చి పునర్నిర్మాణమునకు పూనుకొన్నది. అచ్చటను జాప్యములు, వ్యాజ్యములు కలవు. 2017లో కూలిన హుస్సేనీ భవనము ఆ ప్రణాళికలోనిదే. వారి పని నిర్దోషమని నేననను. అయినను వారు ఒక ప్రశ్న వేసికొనిరి: "మన బజారు ఏమి కావలెను?" మనము వేసికొన్న ప్రశ్న: "ఆ ఖోలీ ఎంతకు వచ్చును?" ప్రశ్న ఎట్టిదో ఫలమును అట్టిదే.

నిందించి ఊరకుండుట సులభము. కావున చేయవలసినవి నాలుగు చెప్పెదను. మొదటిది: ఖోలీ బాగుచేయువాడు రంగు వేయుటకు ముందు దూలపు కొనలు తెఱచి, నిర్మాణపు ఇంజనీరునకు చూపవలెను. ఆ నివేదిక ప్రతిని కొనువానికే గాక పై ఇంటికిని క్రింది ఇంటికిని ఇయ్యవలెను. రెండవది: వృద్ధులు హక్కు వదలుకొను కాగితముపై సంతకము చేయుటకు ముందు, వారికి వారి మాటలో, మన తెలంగాణపు తెలుగులో, చట్టమును పునర్నిర్మాణపు లెక్కను చదివి వినిపింపవలెను. మనలో న్యాయవాదులు కలరు, ఇంజనీర్లు కలరు. ఆదివారమున రెండు గంటలు సంఘమందిరమున కూర్చుండినచో వారికి పోవునదేమియు లేదు. మూడవది: లాభములో కొంత భాగము మెట్లకు, పైకప్పునకు, మురుగు గొట్టమునకు వెచ్చింపవలెను. చాళీ నిలువనిదే ఖోలీ నిలువదు. నాలుగవది అన్నిటికంటె కఠినము. ఇట్టి సంచికల ప్రకటన పుటలు ఎవరి ధనముతో నిండుచున్నవో, మన ఉత్సవములలో శాలువలు ఎవరి భుజములపై పడుచున్నవో విచారింపవలెను. పైమూడును చేయనివానికి శాలువ కప్పుట మానవలెను. ఈ వాక్యమును సంపాదకులు ఉంచుదురని నా నమ్మకము.

జీర్ణమైనది ఇల్లొక్కటే యైనచో సున్నము, టేకు, ఉక్కు గర్డరు దానిని ఉద్ధరింపగలవు. చదువుకొన్నవాడు కాగితము చూచినచో చాలునని నమ్మిన ఆ నమ్మకము జీర్ణమైనచో, దానిని నిలుపుటకు పోట్లు ఏ బోర్డును ఇయ్యజాలదు. నేను నా వంతుగా ఆ వృద్ధురాలి కొడుకుల కడకు భివండీకి పోయి, జరిగినది జరిగినట్లు చెప్పితిని. పోయిన ఖోలీ తిరిగి రాలేదు. కాని నాటినుండి నా కడకు వచ్చు ఏ కాగితముపైనను, అమ్మువారికి తొలినుండి తుదివఱకు చదివి వినిపింపనిదే, సంతకము పెట్టుట లేదు. మన సంఘమున చదువుకొన్న ప్రతివాడును ఈ మాత్రము నియమము పట్టినచో, జీర్ణోద్ధరణ మను మాటను మరల నోరార పలుకుటకు మనకర్హత కలుగును.